ఇంటి నిండా సామానే, ఇరవయ్యో తారీఖుకి చేతిలో డబ్బు మాత్రం ఉండదు

ప్రశ్న:

ఖమ్మం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 38. భర్త ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజర్, చేతికి 46,000 వస్తాయి. ఆమె దగ్గర్లోని స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెబుతారు, జీతం 9,000. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు.

మామయ్య పోయాక, రెండేళ్ల క్రితం అత్తమ్మ ఊళ్లో ఇంటికి తాళం వేసి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ఆమెతో పాటు ఒక ట్రాలీ ఆటో నిండా సామాను కూడా వచ్చింది. ఇత్తడి బిందెలు, గంగాళం, జాడీలు, రెండు ట్రంకు పెట్టెలు, బొంతలు, రోలు. సజ్జల మీద పట్టక కొన్ని మంచాల కిందికి, కొన్ని పాప చదువుకునే బల్ల మీదికి చేరాయి. అత్తమ్మ పెరుగు డబ్బా కూడా పారేయనివ్వరట, కడిగి దాస్తారు. ఈ సోదరిది ఇంకో అలవాటు. ఒకటో తారీఖున సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, ఆఫర్లు చూసి 12,000 రూపాయల సరుకులు ఒకేసారి తెస్తారు. మొన్న మూడు కందిపప్పు ప్యాకెట్లు బయటపడితే రెండింటికి పురుగు పట్టింది. 'మీకు కొనడమే తెలుసు, దాచడం తెలియదు' అన్నారు అత్తమ్మ. 'ఇంత జీతం తెచ్చిస్తే ఇరవయ్యో తారీఖుకే అయిపోయిందంటావు, నీకు ఇల్లు నడపడం చేతకాదు' అన్నారు భర్త, పిల్లల ముందే. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు.

క్రెడిట్ కార్డు మీద 72,000 బాకీ ఉంది. నెలనెలా మినిమమ్ మాత్రమే కడుతున్నారు. లక్ష రూపాయల చిట్టీ ఒకటి పాప ఇంటర్ చదువుకని ఎత్తకుండా ఉంచారు, 20 నెలల్లో 12 అయ్యాయి. భర్తకు తెలియకుండా పోపుల పెట్టెలో 6,000 దాచారు, అది తప్పేమోనని బెంగ. ఆమె అడుగుతున్నవి ఇవి: 'జీతాలు మొత్తం ఆయన చేతికే ఇచ్చేసి దండం పెట్టనా? సామానంతా ఒకరోజు పాత సామాన్లవాడికి వేసేయనా? అత్తమ్మను ఊరికి పంపిస్తే అన్నీ సర్దుకుంటాయేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.'

సమాధానం:

అమ్మా, ఉత్తరంతో పాటు నెల ఖర్చుల చీటీ కూడా జత చేయడం చాలా మంచిపని అయింది. ఉత్తరం ఒక్కటే చదివితే మీ ఇంట్లో గొడవంతా పెరుగు డబ్బాలది, పప్పులో పురుగులది అనిపిస్తుంది. చీటీ చూస్తే సంగతి వేరుగా ఉంది. అందుకే ముందు చీటీ తీస్తాను.

అద్దె 11,000. పిల్లల ఫీజులు నెలకు పంచి చూస్తే 7,000. చిట్టీ 5,000. బండి కిస్తీ 3,800. కార్డుకు 3,600. సూపర్‌మార్కెట్ సరుకులు 12,000, మధ్యమధ్యలో వీధి చివర కిరాణా కొట్టులో 3,000. కూరగాయలు, పండ్లు 4,000. పాలు 2,200. పెట్రోలు 3,500. కరెంటు 1,400. ఫోన్లు, ఇంటర్నెట్ 1,500. మొత్తం 58,000. మీ ఇద్దరి జీతాలూ కలిపితే 55,000. పైగా గ్యాసు, బట్టలు, పండగలు, పిల్లలకు జ్వరం వస్తే డాక్టరు ఫీజు మీ చీటీలో లేనే లేవు.

ఇందులో మీ చేతకానితనం ఎక్కడుందో నాకు కనపడలేదు. మీరు ఒక్క పప్పు గింజ కూడా పాడవకుండా చూసుకుని, ఆ కిరాణా కొట్టు 3,000 పూర్తిగా మిగిల్చినా లెక్క 55,000 దగ్గరికి వచ్చి ఆగుతుంది. అప్పటికింకా గ్యాసు బండ కొనలేదు. వచ్చేదాని కంటే పోయేది ఎక్కువగా ఉన్న ఇంటిని ఎవరు నడిపినా ఇరవయ్యో తారీఖుకే ఖాళీ అవుతుంది. మీ ఆయన నడిపినా అంతే. ఈ మాట మీకు ఓదార్పు కోసం చెప్పడం లేదు, లెక్క అలా ఉంది. పిల్లల ముందు ఆయన అన్న మాట తప్పు మాట. అయితే ఆయన ఈ చీటీ ఎప్పుడైనా చూశారా? ఉత్తరాన్ని బట్టి చూస్తే చూసినట్టు లేదు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం. జీతం ఎంతో ఆయనకు తెలుసు, సరుకులు ఏం తెచ్చారో మీకు తెలుసు, సజ్జ మీద ఏముందో అత్తమ్మకు తెలుసు. ముగ్గురికీ మొత్తం తెలియదు. ముగ్గురూ పొదుపుగానే ఉన్నామనుకుంటున్నారు, ఎవరి పద్ధతిలో వాళ్లు.

ఇప్పుడు కార్డు సంగతి. మీ ఇంట్లో పెద్ద చిల్లు ఇదే. మీ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ అని రాశారు. 72,000 మీద అది 2,520. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 450. అంటే మీరు నెలనెలా కడుతున్న 3,600లో దాదాపు 3,000 వడ్డీకీ పన్నుకే పోతోంది. అసలులో తగ్గేది ఆరొందల చిల్లర. ఆ వెంటనే ఇరవయ్యో తారీఖున మళ్లీ కార్డు గీకుతున్నారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా కట్టనంత కాలం, కొత్తగా కొన్నదానికి ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆఫర్‌లో యాభై రూపాయలు కలిసొచ్చిందని కార్డు మీద తెచ్చిన నూనె క్యాను, బాకీ తీరేలోపు మామూలు ధర కంటే ఎక్కువే పడుతుంది.

దీన్ని తీర్చడానికి మీ ముందు నాలుగు దారులున్నాయి. ప్రతిదానికీ ఒక ఖర్చుంది.

చిట్టీ పాట పాడి ఎత్తుకోవడం ఒకటి. లక్ష చిట్టీలో ఇంకా 8 నెలలున్నాయి కాబట్టి ఈ దశలో మరీ ఎక్కువ తగ్గించి పాడాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. 12,000 పోయిందనుకోండి, 88,000 చేతికొస్తుంది. కార్డు 72,000 కట్టేస్తే 16,000 మిగులుతుంది. మిగతా 8 నెలలూ చిట్టీ వాయిదా కడుతూనే ఉండాలి, అది ఎలాగూ కడుతున్నారు. కార్డుకు పోయే 3,600 మాత్రం ఆగిపోతుంది. ఎత్తకుండా ఉంచితే ఆ 8 నెలల్లో కార్డుకు కట్టే వడ్డీయే 23,000 దాకా అవుతుంది. 12,000 వదులుకోవడం కష్టంగా అనిపించినా, రెండింటిలో అదే చిన్న నష్టం. పాప ఇంటర్ డబ్బు పోయిందే అని మనసు పీకుతుంది, తెలుసు. 8 నెలల తర్వాత చిట్టీ అయిపోతుంది కదా, అదే 5,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా మొదలుపెడితే పాప పదో తరగతి పూర్తయ్యేసరికి మళ్లీ లక్ష దగ్గరికి వస్తుంది. పాడే ముందు రెండు కనుక్కోండి. జామీను ఎవరిది అడుగుతారు? జీతం వచ్చే మనిషి సంతకం కావాలంటే ఎవరిని అడగాలో ముందే ఆలోచించుకోవాలి. రెండోది, ఆ చిట్టీ రిజిస్టరైందా? 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టే ముందే అనుమతి తీసుకుని రిజిస్టరు చేయాలి. సభ్యులకు ఒప్పంద పత్రం కాపీ ఇవ్వాలి. మీ దగ్గర ఆ కాగితం లేకుండా, తెలిసినవాళ్లన్న నమ్మకం మీద నడుస్తున్న చిట్టీ అయితే, డబ్బును అక్కడ చివరిదాకా ఉంచడం ఇంకా పెద్ద రిస్కు. అప్పుడు ఎత్తుకోవడమే మంచిది.

బంగారం పెట్టి బ్యాంకులో లోను తీసుకోవడం రెండో దారి. బ్యాంకుల్లో వడ్డీ ఏడాదికి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. 72,000కు నెలకు ఆరొందల చిల్లర. కార్డుతో పోలిస్తే ఎంతో నయం. కానీ గడువులోగా విడిపించకపోతే వస్తువు వేలానికి పోతుంది. అదీగాక, ఆ గొలుసు మీ పుట్టింటివాళ్లు పెట్టింది అని రాశారు. కార్డు బాకీ ఇంట్లో అందరి ఖర్చులకూ అయింది, దాని బరువు మీ ఒక్కరి మెడలోని వస్తువు మీద పడటం నాకు అంత న్యాయంగా అనిపించడం లేదు. చిట్టీ పాట కుదరకపోతే దీన్ని ఆలోచించండి, అదీ మీ ఇద్దరి నిర్ణయంగా.

బ్యాంకుకు ఫోన్ చేసి ఆ బాకీని కిస్తీలుగా మార్పించుకోవడం మూడోది. వడ్డీ ఏడాదికి పదిహేను నుంచి పద్దెనిమిది శాతం దాకా ఉండొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు కూడా అడుగుతారు. కిస్తీ అవుతుంది కదా అని కార్డు మళ్లీ గీకితే ఈసారి రెండు బాకీలవుతాయి. నాలుగోది ఏ అప్పూ మార్చకుండా, కార్డు వాడటం మానేసి నెలకు 7,000 చొప్పున కట్టడం. దాదాపు 14 నెలలు పడుతుంది. ఆ అదనపు 3,400 మీ ఇంట్లో ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియడం లేదు, అందుకే ఈ దారిని గట్టిగా చెప్పలేను.

ఏ దారిలో తీర్చినా, కట్టిన తర్వాత వచ్చే బిల్లు కూడా ఒకసారి చూడండి. బిల్లు తయారైన రోజుకీ మీరు కట్టిన రోజుకీ మధ్య వడ్డీ కొంత మిగిలి తర్వాతి నెలలో పడుతుంది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే లేటు ఫీజులు చేరతాయి.

జీతాలు మొత్తం ఆయన చేతికే ఇచ్చేసి దండం పెట్టనా అని అడిగారు. కోపంలో అలా అనిపించడం సహజం. ఇస్తే ఏమవుతుందో చూద్దాం. మొదటి నెల మీకు బరువు దిగినట్టుంటుంది. ఇంట్లో ఏముందో, ఏం అయిపోవస్తోందో తెలియని మనిషి చేతిలో డబ్బుంటుంది, తెలిసిన మీరు కొత్తిమీరకు కూడా ఆయన్ని అడగాలి. మీరు సంపాదించే 9,000 కూడా అందులోనే కలిసిపోతుంది. పాప అదంతా చూస్తుంటుంది. నేనైతే ఆ దారి వద్దంటాను. అలాగని ఇప్పుడున్నట్టే మీరొక్కరే మోయడమూ వద్దు.

జీతం పడిన రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక ముగ్గురూ కూర్చోండి. అవును, అత్తమ్మ కూడా. చీటీ మధ్యలో పెట్టండి. 'నాకు చేతకాదన్నారు కదా' అని మొదలుపెట్టకండి. ఆ మాట ఎంత నొప్పించిందో ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు తప్పకుండా చెప్పాలి. కానీ ఈ కూర్చోవడం దాని కోసం కాదు. 'వచ్చేది 55,000, పోయేది 58,000. దీన్ని ఏం చేద్దాం?' అని అడిగి ఊరుకోండి. ఆయన్ని చదవనివ్వండి, కూడనివ్వండి. పెట్రోలు 3,500 ఎందుకవుతోందో, ఫోన్ల మీద 1,500 అవసరమా అన్నది ఆయన నోటి నుంచే రావచ్చు. రాకపోతే మీరు అడగొచ్చు. పొదుపంటే వంటింట్లో మాత్రమే చేసేదనే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. మీ చీటీలో వంటింటికి సంబంధం లేని ఖర్చులే ఎక్కువ.

ఒప్పుకుంటే అద్దె, ఫీజులు, చిట్టీ, కిస్తీలు జీతం వచ్చిన రెండు మూడు రోజుల్లో ఆయన ఖాతా నుంచే వెళ్లిపోయేలా పెట్టుకోండి. ఇంటి ఖర్చు మాత్రం వారానికింత అని మీ చేతికి విడిగా రావాలి. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడం మొదలైనప్పటి నుంచి చిల్లర ఖర్చు ఎంతవుతోందో ఎవరికీ అంతు చిక్కడం లేదు. ఇరవై, ముప్పై అని కొట్టేస్తుంటాం, నెల చివర చూస్తే వేలు. వారం ఖర్చు నోట్ల రూపంలో ఒక కవర్లో పెట్టుకుంటే పల్చబడుతున్న కొద్దీ చేతికి తెలుస్తుంది. అది వద్దనుకుంటే ఇంటి ఖర్చుకే వేరే ఖాతా పెట్టుకుని, దాని నుంచే ఫోన్‌లో కట్టండి. మొదటి నెల చిరాకుగానే ఉంటుంది. కిరాణా కొట్టులో ఖాతా రాయించుకోవడం మాత్రం ఆపాలి. రాయించుకున్న సరుకుకు ధర అడగం, తూకం చూడం. అంతేకాదు, పెద్దవాళ్లు ముగ్గురికీ తలో కొంచెం, మూడొందలో ఐదొందలో, లెక్క చెప్పనక్కర్లేని డబ్బు ఉండాలి. అది లేని పొదుపు ఇంట్లో దొంగచాటు ఖర్చులకు దారి తీస్తుంది.

పోపుల పెట్టెలోని 6,000 గురించి బెంగ పెట్టుకోకండి. మన అమ్మలూ అమ్మమ్మలూ అలా దాచిన డబ్బుతోనే ఎన్నో ఇళ్లు గండాలు గట్టెక్కాయి. దాన్ని తీసి కార్డుకు కట్టేయాలనిపిస్తుంది, వడ్డీ లెక్క ప్రకారం అదే సరైనది కూడా. అయినా నేను ఉంచమంటాను. చేతిలో రూపాయి లేని ఇంట్లో బాబుకు జ్వరమొస్తే మళ్లీ కార్డే దిక్కవుతుంది. చిట్టీలో మిగిలే 16,000కు దీన్ని కలిపి, ఆపదలకు తప్ప తీయకూడని డబ్బుగా బ్యాంకులో వేస్తే 22,000 అవుతుంది. ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చీటీ ముందు పెట్టుకుని మాట్లాడిన రోజు బాగా జరిగితే, చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన ఇంకా వేలెత్తి చూపే ధోరణిలోనే ఉంటే, ఇంకొన్నాళ్లు ఆగినా తప్పు లేదు.

ఇక సరుకులు. అయిదుగురికి, అందులో ఇద్దరు పిల్లలకి, నెలకు 15,000 సరుకులు ఎక్కువే. ఆదివారం పూట వంటింట్లో ఉన్నదంతా ఒకసారి బయటికి తీయండి, పప్పులు, పిండ్లు, నూనెలు, సబ్బులు, ఫినాయిలు, అన్నీ. ఏది ఎంత ఉందో రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. నాలుగు ఫినాయిల్ సీసాలున్నాయని మీరే రాశారు, అలాంటివి ఇంకా చాలా బయటపడతాయి. ఆ నెల సూపర్‌మార్కెట్‌కు వెళ్లకుండా ఉన్నవాటితో నెట్టుకొచ్చి, లేనివి మాత్రమే కొనండి. ఆ ఒక్క నెలలోనే నాలుగైదు వేలు తేడా కనిపించవచ్చు. ఆ తర్వాత ఏది నెలకు నిజంగా ఎంత పడుతోందో తెలుస్తుంది. నూనె మనిషికి నెలకు అరలీటరు చాలని డాక్టర్లు చెబుతుంటారు. ఆ లెక్కన మీ ఇంటికి రెండున్నర లీటర్లు. మీరు అయిదు లీటర్ల క్యాను తెచ్చి అది నెలలోనే అయిపోతోందంటున్నారు. క్యాను పెద్దదైతే చెయ్యి ధారాళమవుతుంది.

పప్పుకు పురుగు పట్టడం మీ తప్పేమీ కాదు. నెలల తరబడి ప్యాకెట్‌లోనే ఉండిపోయిన పప్పుకు, అందులోనూ వానాకాలంలో, పురుగు మామూలే. దాచడం ఒక విద్య, అది తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. మీ అత్తమ్మ అన్న మాట కటువుగానే ఉంది. దాని వెనక ఇంకోటి కూడా ఉండొచ్చు. ఊళ్లో ఏడాది పొడవునా ఇల్లు నడిపిన మనిషి, ఇక్కడికొచ్చాక ఏ డబ్బాలో ఏముందో కూడా తనకు చెప్పేవాళ్లు లేరు. పెరుగు డబ్బాలు కడిగి దాచడం తప్ప ఆమె పొదుపుకు ఈ ఇంట్లో చోటు లేదు. ఆమె చేతికి నిజమైన పని ఒకటి అప్పగించి చూడండి.

ఏడాది సరుకులు ఆ పని కావచ్చు. మీరుండేది ఖమ్మంలో, తేజ మిర్చికి పేరున్న మార్కెట్ మీ ఊళ్లోనే ఉంది. మిరపకాయలు, చింతపండు, పసుపు, కొత్త కందిపప్పు, ఇవన్నీ సంక్రాంతి దాటాక ఎండాకాలం లోపు మార్కెట్‌కు వస్తాయి. ఊళ్లో తెలిసిన రైతుల దగ్గర, ఆ సీజన్‌లో, చూసి కొనుక్కుంటే సరుకూ బాగుంటుంది, నెలనెలా చిన్న ప్యాకెట్లలో కొనే దానికంటే చవకా పడుతుంది. కారం మిల్లులో దగ్గరుండి పట్టించుకోవచ్చు. కందిపప్పు నాలుగు ఎండలు చూపించి, పూర్తిగా చల్లారాక, కొంచెం ఆముదం పట్టించి తడి లేని డబ్బాలో పోస్తే నెలలు నిలుస్తుంది. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి అదే పురుగుకు దారి. చింతపండు గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీకెత్తడం మీ అత్తమ్మకు నేను చెప్పక్కర్లేదు. సజ్జ మీద బోర్లించిన ఆ జాడీలకు కూడా పని దొరుకుతుంది. బియ్యంలో ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేసుకోండి. బోరిక్ పౌడర్ కలపడం కొన్ని ఇళ్లలో అలవాటు, తినే వస్తువులో అది వద్దు. గోదాముల్లో వాడే పురుగుమందు గోళీలు ఎవరైనా ఇచ్చినా ఇంట్లోకి రానీయకండి. వాటి నుంచి వచ్చే వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఏడాది సరుకంటే ఒకేసారి డబ్బు పెట్టాలి. పెట్టడానికి చోటు కూడా కావాలి. మొదటి ఏడాది అన్నీ వద్దు, కారం, చింతపండు చాలు. పప్పు మూడు నెలలకోసారి. డబ్బుకు అత్తమ్మ కౌలు డబ్బులున్నాయి కదా అనిపించొచ్చు. ఆమె మందులు ఆమే కొనుక్కుంటున్నారని రాశారు. తనంతట తాను ఇస్తానంటే తీసుకోండి, అడగొద్దు. ఇస్తే, ఏది ఎంత కొనాలో చెప్పే హక్కు కూడా ఆమెకే ఉంటుంది. అది మీకు సమ్మతమేనా అన్నది ముందు మీరు ఆలోచించుకోండి.

సామాను పాత సామాన్లవాడికి వేసేయనా అన్నదానికి నా జవాబు, ఆమెకు తెలియకుండా ఒక్క గరిటె కూడా వద్దు. ఇల్లు ఒక్కరోజులో ఖాళీ అవుతుంది, నిజమే. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ మాట మీ ఇంట్లో తెగదు. భర్త పోయి, ఇల్లు వదిలి వచ్చిన మనిషికి ఆ గంగాళమే ఆమె ఇల్లు.

ముందు మీవి తీయండి. ఎందుకూ పనికిరాని చార్జర్లు, టీవీ వచ్చిన అట్టపెట్టె, హోటల్ పార్సిల్ డబ్బాలు, పిల్లలకు పొట్టివైన బట్టలు, గడువు దాటిన మందులు, కట్టుకోని చీరలు. ఆమె చూస్తుండగానే తీయండి. బట్టలు ఎవరికిస్తున్నారో చెప్పండి. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి, అద్దె ఒప్పందం, చిట్టీ పుస్తకం, ఫీజు రసీదులు, ఫ్రిజ్ వారంటీ. మీ వస్తువులు తగ్గడం కళ్లతో చూశాక ఆమెను అడగడం మీకూ తేలిక, వినడం ఆమెకూ తేలిక. అడిగేటప్పుడు కూడా 'ఇవన్నీ ఎందుకు' అని కాకుండా 'పాపకు బల్ల కావాలి అత్తమ్మా, దాని మీదున్నవి ఎక్కడ పెడదాం?' అంటే చాలు. మనవరాలి చదువు మాటకు కాదనే నానమ్మలు తక్కువ.

ఆమె వస్తువులకు దారులు చాలానే ఉన్నాయి. కొన్ని వాడకంలోకి తీసుకోవచ్చు. మీ నాన్‌స్టిక్ పెనం గీతలు పడిపోయిందన్నారు, ఆమె ఇనప పెనం సజ్జ మీదుంది. కొన్ని మీ ఆడబిడ్డకు ఇవ్వొచ్చు. తల్లి వస్తువు ఆమెకు ముచ్చటే. అయితే ఇవ్వడం అత్తమ్మే చేయాలి, మీరు సర్ది పంపితే అర్థం మారిపోతుంది. రోలు, గంగాళం లాంటివి ఊళ్లో తాళం వేసిన ఇంటికే తిరిగి చేర్చి, అవి అక్కడున్నాయన్న ధైర్యం ఆమెకు ఉంచొచ్చు. ఒకసారి ఆటో కిరాయి అవుతుంది, ఆ ఇంటిని అప్పుడప్పుడూ చూసేవాళ్లుండాలి. అమ్మడానికి ఆమె తనంతట తాను ఒప్పుకుంటే, ఇత్తడిని తూకానికి వీధిలో వేసేముందు పాత్రల కొట్లో రేటు అడగండి, తేడా ఉంటుంది. ఆ డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. కార్డుకు కలుపుకోవద్దు. పెరుగు డబ్బాల విషయంలో రాజీ పడండి. వంటింట్లో ఒక అర ఆమెకిచ్చి, అందులో పట్టినన్ని ఉంచుకోమనండి.

అత్తమ్మను ఊరికి పంపిస్తే అనుకున్నందుకు సిగ్గుపడకండి. ఊపిరాడని ఇంట్లో అందరికీ వచ్చే ఆలోచనే. కానీ డబ్బు లెక్క కూడా చూడండి. అక్కడ రెండో వంటిల్లు, రెండో కరెంటు బిల్లు, వారం వారం మీ ఆయన రాకపోకలు. బీపీ, షుగరు ఉన్న 68 ఏళ్ల మనిషి ఒంటరిగా. ఇక్కడేమో పిల్లలు స్కూలు నుంచి వచ్చాక మీరు ఇంటికి చేరేదాకా వాళ్లను చూసుకునేది ఆమే. ఆ పనికి మనిషిని పెట్టుకోవాలంటే ఎంతవుతుందో మీ చీటీలో లేదు. ఆమె వెళ్లిపోతే 58,000 తగ్గదు, పెరుగుతుంది. ఆమెకే ఊరి మీద మనసుంటే మాత్రం వేరే సంగతి. కోతలప్పుడో జాతరప్పుడో పది రోజులు ఉండొస్తానంటే సంతోషంగా పంపండి. ఎప్పుడైనా అడిగారా ఆమెను?

కరెంటు గురించి ఒక్క మాట. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. 1,400 బిల్లంటే మీరు 240 యూనిట్ల ప్రాంతంలో ఉంటారు. ఆ నలభై తగ్గించగలిగితే నెలకు 500 దాకా మిగులుతుంది. గీజరు రోజుకు అరగంట తక్కువ వాడితేనే 30 యూనిట్లు తగ్గుతాయి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 30 చాలు. కానీ ఒక్కోటి మూడు వేల దాకా అవుతుంది కాబట్టి కార్డు తీరేదాకా కొనకండి. ఉన్నది పాడైనప్పుడు మార్చుకోవచ్చు.

కార్డు ఆగి, సరుకులు 12,000కు దిగి, కరెంటు 900 అయితే మీ 58,000 కాస్తా 50,900 అవుతుంది. మిగిలే నాలుగు వేల చిల్లరలో గ్యాసు, బట్టలు, పండగలు సరిపెట్టుకోవాలి. ఇరుకే. దసరా నెలలో చాలకపోవచ్చు కూడా. చిట్టీ తీరే 8 నెలల దాకా అలాగే ఉంటుంది, ఆ తర్వాత మరీ ఇరుకైన నెలల్లో రికరింగ్ డిపాజిట్‌కు అనుకున్న 5,000లో కొంత తగ్గించుకుంటే కొంచెం ఊపిరి తీసుకోవచ్చు.

ముందుగా చేయాల్సింది వంటింటి సర్దుడు కాదు. చిట్టీ పాట తేదీ కనుక్కోండి. ఒప్పంద పత్రం బయటికి తీసి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే నాకు వెంటనే ఇంకో ఉత్తరం రాయండి, చిట్టీల రిజిస్ట్రార్ ఆఫీసులో ఏం అడగాలో చెబుతాను. ఉంటే, పాటకు వారం ముందే మీ ఆయనతో కూర్చోండి. జామీను సంతకానికి ఎవరిని అడగాలో ఆయనకే బాగా తెలుస్తుంది.